డిక్కీలో చోటు

"వెనక సీట్లో ముగ్గురు పిల్లలు, డిక్కీ నిండా నీ పాటలు! మరి నా గుర్రపు పాల క్యాన్లు నీ నెత్తిన పెట్టుకుని మోస్తావా?" షెడ్డులోకి వస్తూనే బెగిమై మొగుణ్ణి నిలదీసింది. ఆ పాలు రోడ్డు పక్కన అమ్మితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

ఆమె మొగుడు ఉలాన్ కారు కింద ఏదో పడిపోయినట్టు వంగి వెతకసాగాడు.

నరీన్ బజారులో కార్లకు స్పీకర్లు బిగించే మిర్లాన్ నవ్వాపుకుంటూ, "తిట్టేముందు ఒక్కసారి చూడక్కా" అని డిక్కీ తలుపెత్తాడు.

ఓ మూల చిన్న సబ్‌వూఫర్ స్పీకరు పెట్టె ఒదిగి ఉంది. యాంప్లిఫయర్ సీటు వీపుకు అతుక్కుని ఉంది. మిగతాదంతా ఖాళీయే.

"ఇంత బుల్లిదా? దీనికోసమా రెండు నెలలుగా నిద్రలో కూడా కలవరించాడు?"

"కలవరించింది దానికోసం." మిర్లాన్ గోడవారనున్న పెద్ద పెట్టె చూపించాడు. "నిన్న నీ క్యాన్లు రెండూ మోసుకొచ్చి డిక్కీలో నిలబెట్టాడక్కా. అవి పోగా మిగిలిన చోటులోనే పెట్టె చెయ్యమన్నాడు. బజారంతా వీణ్ణి ఏడిపించి చంపాం."

ఉలాన్ చెవులు ఎర్రబడ్డాయి. బెగిమై వెళ్ళి ఆ పెద్ద పెట్టెను అరచేత్తో తట్టి చూసింది.

"ఇది పెడితే క్యాను పడుతుందా?"

"ఒక్కటే పడుతుందక్కా."

"బిగించు. రెండోదాన్ని నా కాళ్ళ మధ్య ఇరికించుకుంటా. పాలు ఒలికాయో, ఇతగాడి పాటలు కట్టేసి దారంతా నేనే పాడతా!"