కుడి భుజం, ఎడమ భుజం

కాలవ గట్టున భోజనానికి కూర్చుంటే, ఆపిల్ రసం సీసాలో దూరిన కందిరీగ గిస్లెన్ నాలుక మీద కుట్టింది. దాన్ని ఉమ్మేసి, నీళ్ళు పుక్కిలించి, ఏం ఫరవాలేదంటూ ఆమె మళ్ళీ రొట్టె అందుకుంది. రెండు నిమిషాలు గడవకముందే ఆ రొట్టె చేతిలోంచి జారిపోయింది. గొంతు బిగుసుకుపోతోందనీ, అరచేతులు మండిపోతున్నాయనీ మొగుడితో చెప్పింది.

అన్సెల్మ్ ఆమె మొహం తడిమాడు. అతనికి చూపు లేదు. పెళ్ళయిన నాటినుంచీ వేళ్ళతోనే ఆమెను చూస్తున్నాడు. పెదవులు ఉబ్బి, చెంపల నిండా దద్దుర్లు లేచి, ఆ మొహం ఎవరిదో పరాయి మనిషిదిలా తగిలింది.

ఫోను తియ్యమన్నాడు. సిగ్నల్ లేదంది. అన్సెల్మ్ లేచి నిలబడి కాలవకి రెండు వైపులా కేకలు పెట్టాడు. అక్టోబరు వస్తే ఫ్రాన్సులో బర్గండీ ప్రాంతంలోని ఆ చిన్న కాలవ మీద పడవలు తిరగవు. పైగా ఆదివారం మధ్యాహ్నం, ఊళ్ళలో జనమంతా భోజనాల బల్లల దగ్గర ఉంటారు. అవతలి గట్టున ఒక ఆవు మాత్రం అరిచింది.

తర్వాతి లాకులు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. లాకులు చూసుకునే మనిషి అక్కడే కాపురం ఉంటుంది. వీళ్ళ దగ్గరున్నది ఇద్దరు తొక్కే పొడవాటి సైకిలు. ముందు సీట్లో గిస్లెన్, వెనక సీట్లో అన్సెల్మ్. వారం రోజులుగా గట్టు వెంబడి అలాగే వస్తున్నారు. ఆమె హ్యాండిల్ పట్టుకుని ఎక్కబోయింది. మోకాళ్ళు నిలవలేదు, కూలబడిపోయింది.

"నువ్వు వెనక కూర్చో. ముందు నేను తొక్కుతాను," అన్నాడు అన్సెల్మ్.

"కాలవలో పడేస్తావు."

"పడితే ఇద్దరం పడతాం. ఇక్కడే కూర్చుంటే నువ్వొక్కదానివే పోతావు."

ఆమె అతని చెయ్యి పట్టుకుని లేచింది. నాలుక మొద్దుబారి మాట ముద్దముద్దగా వస్తోంది.

"కుడి భుజం తడితే కుడికి తిప్పు. ఎడమ తడితే ఎడమకి. ఇంకాసేపైతే నాకు మాట రాదు."

స్పేరు ట్యూబు తీసి ఆమె నడుముకీ తన నడుముకీ కలిపి గట్టిగా ముడేశాడు. సంచులన్నీ అక్కడే వదిలేశాడు. ముందు సీటు ఆమె ఎత్తుకి బిగించింది కావడంతో అతని మోకాళ్ళు హ్యాండిల్‌కి కొట్టుకుంటున్నాయి. దాన్ని సరిచేసే వ్యవధి లేదు. ఎడమ పక్కన నీళ్ళున్నాయి. అదొక్కటి గుర్తుపెట్టుకుని కాలితో నేలను నెట్టాడు.

సైకిలు తాగినవాడిలా తూలింది. ఎడమ భుజం మీద దెబ్బ, వెంటనే కుడి భుజం మీద దెబ్బ. పట్టు దొరికింది. వంతెన కింద చల్లగాలి మొహానికి కొట్టి వెళ్ళిపోయింది. గిస్లెన్ ఊపిరి పిల్లనగ్రోవిలా సన్నగా కూస్తూ అతని మెడకి తగులుతోంది. ఆ కూత ఆగిపోతుందేమోనని అతను చెవులు రెండూ అక్కడే పెట్టాడు.

చక్రం కింద కంకర పోయి గడ్డి తగిలింది. నీటి తడి వాసన గుప్పున కొట్టింది. భయంతో అతని ఒళ్ళంతా కుడికి వాలింది. సరిగ్గా అప్పుడే కుడి భుజం మీద ఆమె చెయ్యి పడింది. మళ్ళీ కంకర. చూస్తోంది, తనని కనిపెట్టుకునే ఉంది అనుకున్నాడు. ఇంకా గట్టిగా తొక్కాడు.

దారి పొడుగునా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. ఈసారి మీ అక్క వాళ్ళింటికి రైల్లో పోదామన్నాడు. మొన్న గుడారం తడిచిందని నీమీద అరిచాను, తప్పు నాదేనన్నాడు. జవాబుగా ఒకసారి ఎడమ భుజం మీద, ఒకసారి కుడి భుజం మీద చెయ్యి తగిలేది. ఒకచోట చాలాసేపటిదాకా ఏమీ తగల్లేదు.

"గిస్లెన్, తట్టు. ఎటైనా సరే తట్టు," అన్నాడు ఏడుస్తూ.

కుడి భుజం మీద చెయ్యి పడింది. ఇంత బలహీనంగా ఆమె చెయ్యి అతనికి ఎప్పుడూ తగల్లేదు.

నీళ్ళు లాకు తలుపుల మీంచి దూకే చప్పుడు వినిపించాక బ్రేకులు రెండూ నొక్కి, ఎవరున్నారని గొంతు చించుకుని అరిచాడు.

"కదలకండయ్యా. ఇంకో రెండడుగులు వేస్తే లాకులో ఉంటారు," అంటూ పెరొతాన్ అనే ముసలావిడ భోజనం మధ్యలో లేచి పరిగెత్తుకొచ్చింది. ఆవిడ లాకులు చూసుకుంటూ తేనెటీగలు కూడా పెంచుతుంది. ఇలాంటి వేళకి పనికొచ్చే సూదిమందు ఎప్పుడూ ఇంట్లో ఉంచుకుంటుంది. ట్యూబు కత్తిరించి, గిస్లెన్‌ని అక్కడే పడుకోబెట్టి తొడ మీద సూది పొడిచింది. ఆవిడ ఇంటి ఫోను నుంచి కబురు చేస్తే అరగంటకి అంబులెన్సు వచ్చింది.

సాయంత్రానికి ఆసుపత్రిలో గిస్లెన్ ఊపిరి కుదుటపడింది. అన్సెల్మ్ మాత్రం కుదురుగా కూర్చోలేకపోయాడు. వచ్చిన డాక్టరుకీ, నర్సుకీ, పక్క మంచం దగ్గరికొచ్చిన చుట్టాలకీ అదే కథ చెప్పాడు. కాళ్ళు మాత్రమే నావి, కళ్ళు ఈవిడవే, ప్రాణం పోతున్నా దారి తప్పనివ్వలేదు అని.

అందరూ వెళ్ళాక గిస్లెన్ అతని చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"అందరికీ అలా చెప్పకు. మొదటి వంతెన దాటకముందే నా కళ్ళు రెండూ వాచి మూసుకుపోయాయి. ఆ తర్వాత నీ వీపు ఎటు వాలితే ఆ భుజమే తట్టాను."