మేయర్‌గారి వాటా

"నన్ను తొక్కుకుంటూ పోతావా? పో, చూస్తాను!"

లోలా క్రిసాంతా ప్లాస్టిక్ కుర్చీని పేట హాలు గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. మలినావ్ పేటలో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ లోలా, అంటే అవ్వే. ఆర్నెల్‌కి మాత్రం అప్పటికి గండంలా కనిపించింది.

పాపం, నగర కార్యాలయంలో అతనిది చిన్న ఉద్యోగం. పొద్దున్న సభ బ్రహ్మాండంగా జరిగింది. ఆఫీసులో వాడకుండా మిగిలిపోయిన కంప్యూటర్లను పేదపిల్లలకు దానం చేస్తున్నామని మేయర్ మైకులో చెప్పాడు. తన బొమ్మ అతికించిన అట్టపెట్టెల్లో ఎర్ర రిబ్బను కట్టినదాన్ని తెరిచి, కీబోర్డు పైకెత్తి కెమెరాలకు చూపించాడు. చప్పట్లు ఆగకముందే కారెక్కి సంతోల్ పేటకు వెళ్ళిపోయాడు. సాయంత్రం అక్కడ సభ. అక్కడా ఇవే పెట్టెలు, ఇదే రిబ్బను. వాటిని లారీలో చేర్చడం ఆర్నెల్ పని.

"సాఫ్ట్‌వేర్ ఎక్కించి వచ్చేవారం తెచ్చేస్తాం లోలా."

"పోయినసారి ఇచ్చిన కుట్టుమిషన్లు కూడా నూనె వేసి తెస్తామని పట్టుకుపోయారు. ఆ నూనె ఇంకా గానుగలోనే ఉన్నట్టుంది!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. ఊళ్ళోవాళ్ళ బట్టలు ఉతికి బతికే మనుషులు వాళ్ళు. హాలు వెనక తలుపు దాటితే, సగం లేచిన మరుగుదొడ్డి గోడకూ సిమెంటు ఇటుకల గుట్టకూ మధ్యనున్న చేతిపంపే వాళ్ళ చాకిరేవు. ఎవరు ఎక్కడ గొడవపడినా ఉతుకుడు మాత్రం ఆగదు. తడి దుప్పట్లు కప్పిన బేసిన్లు నడుముకు ఆనించుకుని హాలు పక్కసందులోంచి వస్తూ పోతూనే ఉన్నారు.

"మా మనవరాలు పాఠాలన్నీ పగిలిన ఫోనులో చదువుతోంది. టీచరమ్మేమో టైపు చేసి తెమ్మంటుంది. టైపు కొట్టుకి పోతే గంటగంటకీ డబ్బులు పొయ్యాలి. మీ మేయర్ మైకులో ఏమన్నాడు? 'ఇకనుంచి ఇవి మీవి' అన్నాడా లేదా?"

"అన్నారు గానీ..."

"గానీ లేదు, గీనీ లేదు. మావైతే మా గుమ్మం దాటవు."

"పోలీసుల్ని పిలవమంటారా?"

"పిలువు నాయనా. వాళ్ళకీ వడ్డిస్తాను."

ఆర్నెల్ నీరుగారిపోయాడు. "లోలా, పెట్టెలు లేకుండా వెళితే నా ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో చంటిపిల్ల ఉంది."

లోలా అతన్ని ఎగాదిగా చూసింది. "పొద్దుట్నించీ ఏమైనా తిన్నావా?"

"లేదు."

"మరి చెప్పవేం? దీతాస్! ఈ అబ్బాయికీ ఆ లారీవాళ్ళకీ ఆకులు వెయ్యి!"

మలినావ్ పేటకు వచ్చినవాడు శత్రువైనా సరే, ఆకలితో తిరిగి వెళ్ళడం జరగదు. మేయర్ బొమ్మ ఉన్న పందిరి కిందే అరటాకులు పరిచి అన్నం, వేయించిన చేపలు, సేమ్యాలాంటి పాన్సిట్ వడ్డించారు. వద్దన్నకొద్దీ ఇంకో గరిటె పడింది. లోలా మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"మీ మేయర్ ముద్ద ముట్టకుండా పోయాడు. మాకెంత నామోషీ! ఆయన వాటా తీసి పెట్టాను."

"ఇవ్వండి, నేను పట్టుకెళతాను."

"నీ చేతికిస్తే దారిలోనే ఖాళీ! నేను పంపిస్తాలే."

ఆర్నెల్ చెయ్యి కడుక్కున్నాడు. పెట్టెలు అతికించే టేపు చుట్ట కోసం సంచి వెతికాడు. కనపడలేదు. పొద్దు వాలుతోంది. మళ్ళీ బతిమాలడానికి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

ఇంతలో దీతాస్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఉతుకుడు అయిపోయింది లోలా."

లోలా లేచింది. కుర్చీ మడిచి గోడకు ఆనించింది.

"పట్టుకుపో నాయనా. నీ చంటిదాని ఉసురు నాకెందుకు?"

ఆర్నెల్ నమ్మలేకపోయాడు. లోపల పెట్టెలన్నీ వరుసగా ఉన్నాయి. పొద్దున్న తెరిచినదాన్ని కూడా శుభ్రంగా అతికించి, రిబ్బను ముడేసి, పక్కనే టేపు చుట్ట పెట్టారు. ఓడిపోయి కూడా ఇంత మర్యాదా అని అతని మనసు చివుక్కుమంది.

"తినక ముందు ఇంత బరువు లేవు," అన్నాడు ఒక కూలీ, పెట్టె ఎత్తుతూ మూలిగి.

"బరువెక్కింది నీ పొట్ట. పట్టు, పట్టు!" అన్నాడు ఆర్నెల్.

లారీ కదిలింది. ఆడవాళ్ళు రోడ్డుపక్కన నిలబడి చేతులూపారు. ఒక్కరి కంటా తడి లేదు. శాపనార్థాలు పెట్టినా బాగుండేదనుకుని ఆర్నెల్ తల దించుకున్నాడు. తన ఉద్యోగం కోసం ఆ పిల్లల నోటిదగ్గర కూడు లాగేశానని దారంతా సిగ్గుపడ్డాడు.

సంతోల్ పేటలో బ్యాండు మోగుతోంది. ఫోన్లన్నీ గాల్లోకి లేచాయి. ఎక్కడెక్కడివాళ్ళో చూస్తున్న ప్రత్యక్ష ప్రసారం అది. పొద్దుటి మాటలే మైకులో చెప్పి మేయర్ రిబ్బను కత్తిరించాడు. టేపు చీల్చి, చిరునవ్వుతో కెమెరాల వైపు చూస్తూనే రెండు చేతులూ పెట్టెలోకి పోనిచ్చాడు. ఆ నవ్వు అలాగే బిగుసుకుపోయింది. ఆర్నెల్ గబగబా వచ్చి ఆయన భుజం మీదుగా తొంగిచూశాడు.

లోపల సిమెంటు ఇటుకల మీద, అరటాకులో చుట్టిన మేయర్‌గారి వాటా పాన్సిట్ ఉంది.