చివరి టింగ్

“ఈ దిమ్మ పళ్లమధ్య పెట్టుకోండమ్మా. ఐదు నిమిషాలు కదలకూడదు, మాట్లాడకూడదు.”

“ఐదు నిమిషాలు మాట్లాడదా?” పెద్దాయన మొహం వెలిగిపోయింది. “నీ కడుపు చల్లగుండ బాబూ! పెళ్లయ్యాక ఇదే మొదటిసారి.”

పెద్దావిడ మొగుడికేసి కళ్లెర్రజేసింది. అంతకు మించి ఏం చేయడానికీ వీల్లేదు. నోట్లో అప్పటికే దిమ్మ ఉంది. వెంటనే రెండు చెవుల్లోకీ గులాబిరంగు సిలికాన్ ముద్ద ఎక్కింది.

వీధిలో అందరూ ఆ దిమ్మ ఇచ్చినతన్ని చెవుల డాక్టరు అంటారు గానీ, అతను డాక్టరు కాడు. చెవి లోపలి అచ్చు తీసి, దానికి సరిగ్గా అమరే ఇయర్‌ఫోన్లు చేయించి ఇవ్వడం అతని పని. పాటగాళ్లు వస్తారు, వాయిద్యాలవాళ్లు వస్తారు, పాటల పిచ్చివాళ్లు వస్తారు. ఒకరి చెవికి చేసినవి ఇంకొకరి చెవిలో ఇమడవు.

“మీ చెవులకి కూడా అచ్చు తీయనా సార్?”

“నాకెందుకయ్యా? కొట్టింది నేను. నమ్మాల్సింది ఈవిడ. అయినా నా చెవులకి ఇప్పుడు కాలింగ్ బెల్లే ఆనదు.”

“ఏం కొట్టారు?”

పెద్దాయన భార్యవైపు అనుమానంగా చూశాడు. “ఈవిడకి వినపడుతుందా?”

“పిడుగు పడినా వినపడదు.”

పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “నలభై ఏళ్లనాటి మాట. ఒక పాట రికార్డింగులో ట్రయాంగిల్ వాయించాను. మూడు మూలల ఇనప కడ్డీ లే. పాటంతా అయ్యి, అందరూ ఆగిపోయాక, ఒక్కసారి టింగుమనాలి. అంతే. జన్మకంతటికీ అదొక్కటే నా రికార్డింగు. ఆ తర్వాత పోస్టాఫీసులో పడ్డాను.”

“ఆ పాట ఇప్పుడు దొరుకుతుందా?”

“ఫోన్లోనే ఉంది. ఆ టింగే ఎవరికీ వినపడదు. నేనేదైనా గొప్ప చెప్పబోతే చాలు, పిల్లలూ మనవలూ కలిసి ‘టింగ్’ అని అరుస్తారు. ఈవిడ మాత్రం పాపం ఎప్పుడూ నవ్వలేదు. కానీ విన్నానని కూడా ఒక్కసారీ అనలేదు. అదే నా బాధ. దోమ రెక్కల చప్పుడు కూడా పట్టిస్తాయని నీ బోర్డు మీద రాశావు కదా, అందుకే వచ్చాం.”

తర్వాత గొంతు తగ్గించాడు. “ఇంకో మాట. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు స్టూడియోలో అద్దం అవతల, టేపుల గదిలో కొత్తగా చేరిన ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఇదిగో, ఈవిడే. అలా చూస్తూ ఉండిపోయి అరక్షణం ఆలస్యంగా కొట్టాను. ఎవరూ కనిపెట్టలేదులే!”

ఐదు నిమిషాలూ అయ్యాయి. చెవుల్లో ముద్దలూ, నోట్లో దిమ్మా తీయగానే పెద్దావిడ మొదటి మాట, “నా గురించి ఏం చెప్పారు?”

“నీ అందం గురించి.”

“అయితే అన్నీ కోతలే.”

చెవుల డాక్టరు నవ్వుతూ అచ్చు అంచున మిగిలిన ముద్దను కోయబోయాడు. ఆవిడకి చూడబుద్ధి కాలేదు. “అలా నిటారుగా కాదు నాయనా, ఇలా ఇవ్వు,” అని బ్లేడు తీసుకుని, ఏటవాలుగా ఒక్క వేటు వేసింది. అంచు నున్నగా వచ్చింది.

“టైలరింగ్ చేసేవారా అమ్మా?”

“ఆ, అలాంటిదే,” అంది ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ.

మూడు వారాలకి ఇయర్‌ఫోన్లు తయారై వచ్చాయి. కుడికి ఎరుపు, ఎడమకి నీలం. వాళ్లు వచ్చేలోగా చెవుల డాక్టరు తన సొంత జతతో ఆ పాట విన్నాడు. గాయని ఊపిరి వినపడింది. ఎవరో కాగితం తిప్పడం, కుర్చీ కిర్రుమనడం కూడా వినపడ్డాయి. చివరి స్వరం దగ్గర పాట ఆగిపోయింది. పదిసార్లు విన్నాడు. టింగు లేదు.

ఇన్నాళ్లూ పెద్దాయనకి పరికరాలు మంచివి కావన్న సాకైనా ఉంది. ఇప్పుడు అది కూడా చెవుల డాక్టరు తన చేత్తోనే ఊడగొట్టబోతున్నాడు.

పెద్దాయన ఇస్త్రీ చొక్కాతో, పెళ్లిచూపులకి వచ్చినట్టు వచ్చాడు. పెద్దావిడ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంది. పాట మొదలైంది. ఆవిడ వేళ్లు ఒళ్లో తాళం వేస్తున్నాయి. పెద్దాయన కుర్చీ అంచుకి జరిగాడు. చెవుల డాక్టరు తెర మీద సెకన్లు చూస్తున్నాడు.

పాట ఆగిపోయింది. అరక్షణం గడిచింది. అప్పుడు ఆవిడ తల ఊపింది.

“వినిపించిందండీ.”

“నిజంగా? నా మీద ఒట్టు?”

“గాజు గ్లాసు మీద చెంచా తగిలినట్టుంది. కాకపోతే కాస్త ఆలస్యంగా కొట్టారు.”

పెద్దాయన కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. “అదే! అదే! ఆలస్యమైందని ఎవరికీ తెలీదు! వింటేనే తెలుస్తుంది! బాబూ, చూశావా?” అంటూ కళ్లు తుడుచుకుని, చెవుల డాక్టర్ని కావిలించుకుని, ఫోను తీసుకుని బయటికి పరిగెత్తాడు. “ఒరేయ్ మనవడా, మీ నాయనమ్మ వింది రా! టింగ్!” అని ఆయన వేసిన కేకకి వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూశారు.

చెవుల డాక్టరుకి ఆనందంగానే ఉంది, బుర్ర మాత్రం తిరిగిపోతోంది. “అమ్మా, నిజం చెప్పండి. పదిసార్లు విన్నాను, ఆ పాటలో టింగు లేదు. ఆలస్యం సంగతి ఆయన చెప్పినప్పుడు మీ చెవులు మూసి ఉన్నాయి. మరి మీకెలా తెలిసింది?”

పెద్దావిడ ఇయర్‌ఫోన్లు జాగ్రత్తగా డబ్బాలో సర్దింది. షాపు అద్దంలోంచి, వీధిలో గంతులేస్తున్న మొగుణ్ని చూసి నవ్వుకుంది.

“ఆ చివరి ముక్క టేపులోంచి కత్తిరించింది నేనే, బాబూ.”