లిస్టులో లేని పేజీ

“ఇక మీ లిస్టుకి సెలవు, మాస్టారూ,” అంది ఎదురు సీటు అమ్మాయి, కాఫీ కప్పు అతని కీబోర్డు పక్కన పెడుతూ.



ఆఫీసంతా అతన్ని లిస్టు మాస్టారు అంటుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో నలభై పేజీలు. ఒక్కో పేజీకి ఒక్కో ఎంట్రీ ఫైలు, అంటే ఆ పేజీ మొదలయ్యే చోటు. ఆ ఫైళ్ల పేర్లన్నీ అతను చేత్తో ఒక లిస్టులో రాస్తాడు. బండ్లర్ అనే ప్రోగ్రాము ఆ లిస్టు చూసి, పేజీలన్నిటినీ మూటగట్టి బయటికి పంపుతుంది. లిస్టులో లేనిది దాని దృష్టిలో పుట్టనే లేదు.

ఆ ధైర్యంతోనే మూడేళ్ల కిందట ఒక పేజీ రాసి, లిస్టులో చేర్చకుండా ఉంచాడు. లోపల ఆ ఎదురు సీటు అమ్మాయి పేరు, ‘నన్ను పెళ్లి చేసుకుంటారా?’ అన్న ప్రశ్న, కింద రెండు బటన్లు. ఇన్నేళ్లలో ప్రశ్న మారలేదు. ‘వద్దు’ బటన్ మాత్రం చిక్కి చిక్కి ఆవగింజంత అయింది. తను ప్రేమిస్తున్నది ఆ అమ్మాయినా, ఈ వాయిదానా అని అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. దాన్నీ లిస్టులో చేర్చలేదు.

ప్రాజెక్టు అందరి కంప్యూటర్లలోనూ ఉంటుంది, ఒకరి దగ్గర మారిస్తే అందరి దగ్గరా మారుతుంది. అయితేనేం, ఆ పేజీ ఉన్న ఫోల్డర్‌కి ‘ముట్టుకోకండి’ అని పేరు పెట్టాక ఎవరు ముట్టుకుంటారు?

“బండ్లర్‌కి తగిలించడానికి కొత్త ప్లగిన్ రాశాను,” అంది ఆ అమ్మాయి. “ ఎంట్రీ ఫైళ్లని అదే వెతుక్కుంటుంది. ఏ మూల దాచినా లాక్కొస్తుంది.”

“ఏ మూలైనా?”

“మీకెందుకండీ అంత చెమట? ఏమన్నా దాచారా?”

“ఛ ఛ! ఏసీ పనిచెయ్యట్లేదు. అయినా చేత్తో రాసిన లిస్టు సంగతే వేరు.”

“చేత్తో అల్లిన స్వెట్టరు మరి!” అని నవ్వింది. “మూడింటికి బాసు ముందు చూపిస్తున్నా. మీరు రాకపోతే మొదలుపెట్టను.”

గోడంత తెర మీద, బాసు ముందు, ఆవగింజంత ‘వద్దు’.

రెండున్నరకి ఫోల్డర్ తీసేయబోయాడు. ‘నిజంగా తీసేయాలా?’ అని అడిగింది కంప్యూటర్. ‘అవును’ నొక్కాడు. జీవితంలో తడుముకోకుండా అతను నొక్కిన మొదటి ‘అవును’ అదే.

మూడింటికి తెర మీద పేర్లు బారులు తీరాయి. చివర్లో అంకె: నలభై.

బాసు చప్పట్లు కొట్టాడు. “సరిగ్గా నలభై! ఇంక నీ లిస్టెందుకయ్యా మాస్టారూ?”

మాస్టారు బిగబట్టిన ఊపిరంతా వదిలాడు.

ఆ అమ్మాయి మాత్రం తెరని కింది నుంచి పైకి మళ్లీ చదివింది. “నలభయ్యేనా?” అంది. ప్లగిన్‌ని ఇంకోసారి నడిపించింది. నలభయ్యే.

“ఏమ్మా, ఇంకోటి కావాలా?” అన్నాడు బాసు.

“వద్దులెండి,” అని ల్యాప్‌టాప్ మూసేసింది. మాస్టారి వైపు చూడకుండా వెళ్లిపోయింది.

సీటుకొచ్చాక, తన లిస్టుని మింగేసిన ఆ ప్లగిన్‌లో నాలుగు తప్పులైనా పట్టాలన్న కసితో దాని కోడ్ తెరిచాడు.

నలభై పేర్లూ అతని లిస్టులోంచి మక్కికి మక్కి దించినవే. ప్లగిన్ నిజంగా వెతుకుతున్నది ఒకే ఒక్క ఫోల్డర్ కోసం: ‘ముట్టుకోకండి’.