సిట్టింగ్ ఎంపీ గారి మొగుడు

"నా ఓటు నిశాంత్‌కి. మీరందరూ కూడా దయచేసి అతనికే వేయండి."

మైకు ముందు ఆ మాట అన్నది త్యాగరాజు. సాక్షాత్తూ సిట్టింగ్ ఎంపీ సుధామయి మొగుడు! కెనడాలోని హామిల్టన్ కమ్యూనిటీ హాల్లో ఉన్న పార్టీ సభ్యులంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"దిగవయ్యా కిందకి!" అని ముందు వరసలోంచి కోదండరామ్ అరిచాడు. ఆయన త్యాగరాజుకు పాత స్నేహితుడు.

వచ్చే ఎన్నికల్లో పార్టీ టికెట్ ఎవరికివ్వాలో సభ్యులే ఓటేసి తేల్చే రోజది. ఉన్న ఎంపీ మళ్లీ నిలబడతానంటే సొంత పార్టీవాళ్లు పోటీకి రాకపోవడం మర్యాద. కుర్ర లాయరు నిశాంత్ ఆ మర్యాద తప్పాడు. పోనీలే, వయసు, తొందర అనుకోవచ్చు. కట్టుకున్నవాడికేం పోయేకాలం?

చంద్రకళకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లో డేకేర్ నడుపుకునే మనిషి ఆమె. ఒకప్పుడు ఆమె భర్తకు కెనడాలో శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్ ఫైలు ఎక్కడో ఇరుక్కుపోయింది. చంటిపిల్లతో ఒంటరిగా ఏడుస్తున్న ఆ రోజుల్లో ఆఫీసుకు పిలిపించుకుని, ముందు అన్నం పెట్టి, తర్వాత ఫైలు కదిలించింది సుధామయి ఆంటీయే. అప్పట్నుంచీ ప్రతి ఎన్నికకూ చంద్రకళ మంచులో నడిచి తలుపులు తట్టింది. ఆంటీ సీటు పోతే తన ఇంట్లో ఎవరో పోయినట్టే.

త్యాగరాజు అంకుల్ వాలకం ఆమె ఏడాదిగా చూస్తూనే ఉంది. ఆంటీ ఫోన్ మోగితే ఆయనే ఎత్తుతాడు. కారు తాళాలు ఆయన జేబులోనే. ఎవరైనా ఆంటీని ఏదైనా అడిగితే, ఆవిడ నోరు తెరిచేలోపు ఆయనే జవాబు చెప్పేస్తాడు. మీటింగుకు ఒంటరిగా పంపనే పంపడు. ఈసారి టికెట్ వద్దనుకోమని ఇంట్లో రోజూ పోరు పెడుతున్నాడని కూడా అందరూ విన్నారు. పెళ్లాం పేరు చూసి ఓర్వలేని మగబుద్ధి అని పార్టీలో ఆడవాళ్లంతా తేల్చేశారు.

ఆంటీ మాత్రం తగ్గలేదు. అంకుల్ వెంటే ఉన్నా ఇల్లిల్లూ తిరిగింది. తిరిగిన ఇంటికే మళ్లీ వెళ్లింది. ఆ ఓపిక చూసి చంద్రకళ మురిసిపోయింది.

అంకుల్ దిగాక ఆంటీ మైకు అందుకుంది. పోయినసారి స్పీచే, కాగితం చూసే చదివింది. అయితేనేం, అదే గొంతు, అదే నవ్వు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పరవాలేదు, గట్టెక్కేస్తాం అనుకుంది చంద్రకళ.

గట్టెక్కలేదు. "సొంత మొగుడే వద్దంటుంటే మనకెందుకండీ?" అని వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. కొద్ది ఓట్ల తేడాతో నిశాంత్ గెలిచాడు.

అతనొచ్చి ఆంటీ కాళ్లకు దండం పెట్టాడు. "ఐయామ్ సో సారీ, ఆంటీ" అన్నాడు.

"అయ్యో, సారీ ఎందుకు బంగారం? కంగ్రాట్స్. బాగా పని చెయ్యి" అని ఆంటీ అతని బుగ్గ నిమిరింది.

ఎంత పెద్ద మనసు! చంద్రకళకు ఏడుపు ఆగలేదు.

జనం పల్చబడ్డారు. ఆంటీ కోటు చేత్తో పట్టుకుని త్యాగరాజు తలుపు దగ్గర ఒక్కడే నిలబడ్డాడు. కోదండరామ్ మొహం తిప్పుకుని ఆయన పక్కనుంచే వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ అంతే. చంద్రకళ మాత్రం తిన్నగా ఆయన మీదికే వెళ్లింది.

"మీకు సిగ్గనిపించట్లేదా అంకుల్? ఆ సీటే ఆంటీ ప్రాణమని మీకు తెలీదా? పగవాడైనా ఇంత పని చెయ్యడు. ఎందుకు చేశారు?"

ఆయన కళ్లెత్తలేదు. "తిట్టమ్మా. అందరూ నన్నే తిట్టుకోండి. ఆవిణ్ణి చూసి మాత్రం ఎవరూ నవ్వకూడదు" అన్నాడు. 

"చాల్లెండి, ఇప్పుడీ నాటకాలు కూడానా?"

ఇంకా ఏదో అనబోతుంటే సుధామయి అటే నడిచి వచ్చింది. చంద్రకళ పక్కకు తప్పుకుంది. ఆంటీ ఇప్పుడు ఆయన చెంప పగలగొట్టినా తప్పు లేదనుకుంది.

సుధామయి ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, చల్లగా నవ్వి, "నమస్కారమండీ, నా పేరు సుధామయి, మిమ్మల్ని ఇదివరకెప్పుడూ చూసినట్టు లేదు, పార్టీలో కొత్తగా చేరారా?" అని తన మొగుణ్ణి అడిగింది.