తొక్పొక్కి గుట్టు

మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌లో రామలక్ష్మి కొట్టు ముందు మధ్యాహ్నమైతే చాలు, ఫిలిప్పీన్స్ ఆడపిల్లలు బారులు తీరతారు. అందరూ ఫ్యాక్టరీ పిల్లలే. కొరియా సీరియళ్ళు చూసి చూసి, కొరియా తిండంటే పడి చస్తారు. ఇడ్లీలు అమ్ముకునే రామలక్ష్మి వాళ్ళ కోసమే తొక్పొక్కి మొదలెట్టింది. ఎర్రటి కారం గుజ్జులో ఉడికిన బియ్యప్పిండి ముక్కలవి. వండేది మారితెస్. ఆమెదీ ఫిలిప్పీన్సే. వంట ఆమెది, పేరు రామలక్ష్మిది.

పోయిన వారం ఎదురు కొట్టు శివనేశన్ కూడా తొక్పొక్కి పెట్టాడు. అచ్చం ఇదే రంగు, ఇదే కారం! సగం బేరం అటు పోయింది.

"మన గుట్టు ఎవులో మోసేత్తన్నారు," అంది రామలక్ష్మి మొగుడితో.

"ఇంకెవులు? ఆ మారితెస్ రోజూ ఫోనెట్టుకుని వీడియో తీత్తాది, సూడ్లేదేటి? ఇంటి దొంగని ఈస్వరుడైనా పట్టలేడు," అన్నాడు మొగుడు సన్యాసి.

నిజమే. మారితెస్ రోజూ పళ్ళెం నింపుకుని, ఫోను ఎదురుగా పెట్టి, ఊదుకుంటూ, చప్పరిస్తూ తింటుంది. ఆ వీడియో ఎవరికో పంపుతుంది. ఇవాళ సరిగ్గా అప్పుడే రామలక్ష్మి వచ్చి ఫోను లాక్కుంది.

"ఎవరికే ఇది?" అని మలయ్‌లో నిలదీసింది.

"మా అమ్మాయికక్కా. ఊళ్ళో మా అమ్మ దగ్గరుంటుంది. దానికి కొరియా తిండంటే ప్రాణం."

"ఆ కట్టుకథలు నా దగ్గర కాదు! రేపట్నించి పనికి రావద్దు."

"పోనీ, మానేస్తాను. ఇవాళ్టికి మాత్రం పంపనివ్వక్కా. ఎదురుచూస్తూ ఉంటుంది."

రామలక్ష్మి వింటేనా! అంతలో చేతిలోని ఫోనులో ఏదో సందేశం వచ్చి పడింది. నొక్కింది. సన్నటి గొంతు, తెలియని భాష. ఇంకేం, దొంగ దొరికిపోయిందనుకుంది. బారులో ముందున్న పిల్లకి ఫోను అందించింది.

"ఏమంటోందో అందరికీ వినపడేలా చెప్పు!"

ఆ పిల్ల విన్నది. మారితెస్ మొహం చూడలేక తల దించుకుంది.

"'అమ్మా, వట్టన్నం ముందు కూర్చున్నాను, నీ వీడియో రాకపోతే ఇవాళ ఏం నంజుకోనూ?' అంటోందక్కా."