గుంతలో ఏమీ లేదు

డోరా మేడం గుంతలోకి వంగి చూసి చప్పట్లు కొట్టింది.

"ఒక్క ముక్క కూడా లేదు! సూపర్ అండీ. ఆర్డర్ మీకే."

బొల్లారంలో ఆమెకు పెద్ద నర్సరీ ఉంది. మొక్కలు పెంచే నల్ల ప్లాస్టిక్ సంచులంటే ఆమెకు ఒళ్లు మంట. మొక్కతోపాటు పాతేస్తే మట్టిలో కలిసిపోయే సంచి కావాలంది. వంద సంచుల కట్టను మట్టిలో పాతిపెట్టమని, తొంభై రోజులయ్యాక తానే వచ్చి గుంతలో చూస్తానని షరతు పెట్టింది. సీతాఫల్‌మండిలో, ఆ సంచులు చేసి అమ్మే రాజేందర్ ఇంటి పెరట్లో గుంత తీశారు. రోజూ దానిమీద నీళ్లు చల్లే పని రాజేందర్ తల్లి అనసూయమ్మది. ఇవాళ్టికి తొంభై రోజులు.

రాజేందర్ ఎగిరి గంతేశాడు. అతని భాగస్వామి ఖాజావలి మాత్రం గుంత దగ్గర చతికిలబడి, పిడికెడు మట్టి తీసి వేళ్ల మధ్య నలిపాడు. ఇంకో పిడికెడు తీశాడు. నల్లమట్టి. అంతా నల్లమట్టే.

ఆ సంచులకు ప్రాణం పోసింది అతనే, కార్ఖానా ఏరియాలోని వాళ్ల చిన్న రేకుల షెడ్డులో. మొక్కజొన్న పిండితో చేసిన సంచి మొదట్లో అప్పడంలా విరిగేది. తడి తగిలితే జావైపోయేది. రెండేళ్లు తల బద్దలు కొట్టుకున్నాక, బలపం రాయిని మెత్తగా పొడి చేయించి పిండిలో కలిపాడు. పది పాళ్లలో మూడు పాళ్లు. సంచి గట్టిపడింది. తడికీ ఆగింది. ఆ రోజు రాజేందర్ అతన్ని ఎత్తుకుని షెడ్డంతా తిప్పాడు. కలపడం ఖాజావలి పని, అమ్మడం రాజేందర్ పని. ఇరవై ఏళ్ల దోస్తీ.

పిండి కుళ్లుతుంది. రాయి కుళ్లదు. సంచులు నిజంగా కుళ్లిపోయి ఉంటే రాతిపొడి తెల్లగా గుంతలోనే మిగలాలి. వంద సంచుల పొడి! ఇక్కడ చిటికెడు కూడా లేదు. అంటే సంచులు కుళ్లనే లేదు. ఎవరో ముందే తీసేశారు.

ఎవరో ఏమిటి! ఇల్లు ఎవరిది? 'గుంత సంగతి నేను చూసుకుంటా, ఫికర్ చెయ్యకు' అని మొన్న ఫోన్లో అన్నదెవరు?

"మేడం..." ఖాజావలి మట్టి దులుపుకుని లేచాడు. "ఈ ఆర్డర్ మాకొద్దు. సంచులు కరిగితే రాతిపొడి మిగలాలె. మిగల్లే. ఎవరో తీసి పారేసిన్రు."

డోరా మేడం ముఖం మాడిపోయింది. రాజేందర్ వైపు ఒక్క చూపు చూసి కారెక్కింది. ఆమె వస్తుందని గేటు ముందు వేసిన పెద్ద ముగ్గు మీదుగానే కారు వెళ్లిపోయింది.

"ఏందిర ఇది? పాగల్ అయినవా?" అరిచాడు రాజేందర్.

"నువ్వే తీసినవ్. నా కండ్లల్ల చూసి చెప్పు, తియ్యలేదని."

"తియ్యలే ఖాజా. మా అమ్మ మీద ఒట్టు."

"ఆర్డర్ కోసం అమ్మ మీద సుత అబద్ధపు ఒట్టేస్తవా?"

రాజేందర్ కళ్లు నిండాయి. "మా ఇంట్ల నిలబడి నన్ను దొంగను చేసినవ్. పో. మల్ల ఈ గడప తొక్కకు." లోపలికి వెళ్లి ధడేల్మని తలుపేసుకున్నాడు.

పరాయివాడు మోసం చేస్తే కోపం వస్తుంది. వీడు చేస్తే ఏం రావాలో కూడా ఖాజావలికి తెలియలేదు. ఈ ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నాడు! పక్కలో బల్లెం అంటే ఇదే అనుకుంటూ గేటు దాటబోయాడు. ముగ్గు మీద కాలు జర్రున జారింది. గేటు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఆఖరికి ఈ ఇంటి ముగ్గు కూడా తనను పడేయాలనే చూస్తోంది!

వంటింట్లో అప్పటిదాకా మోగుతున్న మిక్సీ ఆగింది. చట్నీ చేతులు కొంగుకు తుడుచుకుంటూ అనసూయమ్మ బయటికి వచ్చింది.

"మేడం టిఫిన్ తినకనే పోయిందా? అయ్యో, కారు ముగ్గంత ఖరాబ్ చేసె! పోనీ తియ్యి బిడ్డా, పొద్దుగాల మేడం కోసం గుంత తవ్వి సాఫ్ చేస్తుంటె దొరికిన తెల్లపిండి ఇంకో గిన్నెడున్నది, మల్ల ఏస్త."